ఎస్టీమ్ ప్రాజెక్టు డైరీ: వైడ్‌బ్యాండ్ సెన్సర్‌కి నీళ్ల గండం తప్పించడం

దసరా ముందు

ఈ మారుతి ఎస్టీమ్ కారు నా చేతికి వచ్చేసరికే దానికి స్పీడుయినో ఈసీయూ (ఇంజిన్‌కి పెట్రోలు ఎంత పోయాలో చూసే చిన్న కంప్యూటరు), ఒక వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ (పొగలో ఆక్సిజన్‌ని బట్టి గాలి, పెట్రోలు పాళ్లు చెప్పేది) పెట్టి ఉన్నాయి. 1.3 లీటర్ల ఇంజిన్, కండిషన్ బాగానే ఉంది. సెన్సర్ మాత్రం పోయింది. గేజ్‌లో అంకె రాదు, ఎప్పుడు చూసినా ఎర్రరే. అది పెట్టించాక బండి పెద్దగా తిప్పలేదని పాత ఓనరు చెప్పారు. ఆ సెన్సర్ బాష్ కంపెనీ ఎల్‌ఎస్‌యూ 4.9, చవక వస్తువేం కాదు. కంపెనీ కార్లలో అదే రకం సెన్సర్ లక్ష కిలోమీటర్లు దాటినా పనిచేస్తుంది. మరి ఇక్కడ ఎందుకు ఇంత తొందరగా పోయింది? కొత్తది కొనే ముందు ఆ సంగతి తేల్చుకోవాలనుకున్నాను.

పాత సెన్సర్‌ని వైస్‌లో బిగించి, ముక్కు మీదున్న చిల్లుల తొడుగుని హాక్సా బ్లేడుతో కోశాను. లోపల సన్నటి సిరామిక్ పలక ఉంటుంది. అది అడ్డంగా చిట్లిపోయింది. మసి కొంచెమే ఉంది. ఆయిల్ కాలితే పట్టే బూడిద పొర లేదు, సిలికాన్ వల్ల వచ్చే తెల్ల పొర కూడా లేదు. అంటే విషం ఎక్కి పోలేదు, పగిలి పోయింది. వెలుగుతున్న లాంతరు చిమ్నీ మీద నీటిచుక్క పడితే ఏమవుతుందో దీనికీ అదే అయింది.

ఆ పలకలో ఏముందో కొంచెం చెప్పాలి. అది జిర్కోనియా. అందులో రెండు సెల్స్, మధ్యలో పొగ దూరడానికి సన్నటి సందు. ఒక సెల్ ఆ సందులో ఆక్సిజన్ ఎంతుందో కొలుస్తుంది. దాని వోల్టేజి 450 మిల్లీవోల్టుల దగ్గర నిలిచేలా రెండో సెల్ ఆక్సిజన్‌ని బయటికో లోపలికో పంప్ చేస్తుంది. ఆ పంపింగ్‌కి పట్టిన కరెంటే మనకి రీడింగ్. ఇదంతా జరగాలంటే పలక దాదాపు 780 డిగ్రీల దగ్గర ఉండాలి. అందుకే లోపల హీటర్ ఉంటుంది. అంత వేడిగా ఉన్న పలక మీద చిన్న నీటిచుక్క పడినా చాలు.

ఈ మాట మా మెకానిక్ బాబాయ్‌కి చెబితే నమ్మలేదు. "సైలెన్సర్లో నీళ్లెక్కడివి బాబూ? నిప్పు తిరిగే గొట్టం కదా అది!" అన్నాడు. పొద్దున్నే బండి స్టార్ట్ చేసి వెనక గొట్టం కింద అరచెయ్యి పెట్టమన్నాను. చెయ్యి తడిసింది. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్లే పుడతాయి, ఎందుకంటే పెట్రోలులో ఉన్న హైడ్రోజన్ అంతా నీరైపోతుంది. గొట్టం వేడిగా ఉంటే ఆవిరిగా బయటికి పోతుంది. చల్లగా ఉంటే గోడలకి చెమటలా పట్టి, పొగ తోసిన వైపు చిందుతుంది. పొగలో ఉండే ఆవిరి శాతాన్ని బట్టి చూస్తే గొట్టం గోడ 50 డిగ్రీలు దాటేదాకా ఈ చెమట పడుతూనే ఉంటుంది.

ఇక ఆ పాత గేజ్, తాళం తిప్పగానే హీటర్‌ని పూర్తిగా ఆన్ చేసే రకం. దానికి తోడు సెన్సర్‌ని గొట్టానికి కింది వైపు నుంచి, ముక్కు పైకి ఉండేలా బిగించారు. నీళ్లన్నీ చేరే చోట, నీళ్లు చేరే సమయానికి, పలకని ఎర్రగా కాల్చి పెట్టారన్నమాట. వయసుతో దీనికి సంబంధమే లేదు.

కాబట్టి పని రెండు ముక్కలు. సెన్సర్ చోటు మార్చాలి. హీటర్ ఎప్పుడు ఆన్ అవ్వాలో నా చేతిలో ఉండాలి.

సిరిమాను వెళ్లాక

పండగ రోజుల్లో విజయనగరంలో ఏ షాపులోనూ పని జరగదు. పైడితల్లమ్మ సిరిమానోత్సవం అయిన మర్నాటి నుంచీ లేత్ షాపు వెంట పడ్డాను. సెన్సర్ కూర్చునే దిమ్మ చేయించాలి. మర ఎం18, అంటే 18 మిల్లీమీటర్లది; పిచ్, అంటే మర చుట్ల మధ్య దూరం, 1.5. మామూలు 18 బోల్టు పిచ్ 2.5, అది చూపిస్తే వేరే మర పడుతుంది. అందుకే పాత సెన్సర్‌నే శాంపిల్‌గా ఇచ్చాను. టర్నర్ అన్న మంచి పనివాడు. మైల్డ్ స్టీల్ వద్దు, తుప్పు పట్టి రేపు సెన్సర్ ఊడిరాదు, స్టెయిన్‌లెస్‌లో చేద్దాం అని తనే అన్నాడు. సరిగ్గా చెప్పాడు.

చోటు గురించి బాగా ఆలోచించాను. ఇంజిన్‌కి మరీ దగ్గర పెడితే సెన్సర్ ఒళ్లంతా కాగిపోతుంది. మరీ వెనక్కి పెడితే నీళ్లు ఎక్కువ, రీడింగ్ ఆలస్యం, పైగా మధ్యలో ఎక్కడ గ్యాస్కెట్ లీకైనా బయటి గాలి దూరి లీన్ (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ) అని అబద్ధం చెబుతుంది. పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌కి ముందే ఉండాలి. చివరికి హెడ్ నుంచి సుమారు 70 సెంటీమీటర్ల దూరంలో, గొట్టం పైకి ఎక్కే వంపు దగ్గర గుర్తు పెట్టాను. నీళ్లు నిలవని చోటు అదే. ముక్కు కిందికి చూడాలి. అడ్డగీత నుంచి కనీసం 10 డిగ్రీలు పైకి లేచి ఉండాలని బాష్ చెబుతుంది. నాకు జాగా దొరికింది కాబట్టి గడియారంలో ఒంటిగంట ముల్లులా నిలబెట్టాను.

సైలెన్సర్ షాపులో వెల్డింగ్ చేసేటప్పుడు చచ్చిన సెన్సర్ ఒక మేలు చేసింది. వైర్లు కత్తిరించి దాన్నే దిమ్మలో బిగించి వెల్డ్ చేయించాను. వేడికి దిమ్మ ముడుచుకున్నా మర చెడలేదు. కొత్త సెన్సర్ పెట్టి మాత్రం ఎవరూ వెల్డ్ చేయించకండి.

కొత్తది బిగించేటప్పుడు 22 సైజు స్పానర్, 50 న్యూటన్ మీటర్ల టైటు. మర మీద గ్రీజులాంటి పూత కంపెనీ నుంచే వస్తుంది, మళ్లీ రాయక్కర్లేదు. ముక్కుకి అంటితే అదో తలనొప్పి. కనెక్టర్ కోసి వైర్లు పొడిగించొద్దు. ఏ సెన్సర్‌కి ఆ సెన్సర్ లెక్క సరిచేసే రెసిస్టర్ ఆ కనెక్టర్ లోపలే ఉంటుంది.

కార్తీకంలో

హీటర్ బాక్సు పని ఇక్కడ మొదలైంది. నాకు ఈ ప్రాజెక్టులో బాగా నచ్చిన భాగం ఇదే.

సెన్సర్‌ని నడపడానికి బాష్ వాళ్లదే సీజే125 చిప్, దానికి బాస్‌గా ఒక ఆర్డుయినో నానో (ప్రోగ్రాము నడిపే చిన్న బోర్డు), హీటర్‌కి ఒక మాస్‌ఫెట్ (కరెంటుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్చులాంటిది). గొట్టం ఎంత కాగిందో తెలియడానికి కే రకం థర్మోకపుల్, దాన్ని చదవడానికి మాక్స్6675 బోర్డు. థర్మోకపుల్ మొనని దిమ్మ పక్కనే గొట్టం మీద హోస్ క్లిప్‌తో బిగించాను. ఇంజిన్ తిరుగుతోందా లేదా అన్నది బాక్సు స్పీడుయినో టాకో వైరు (ఇంజిన్ వేగం చెప్పే వైరు) నుంచి తెలుసుకుంటుంది. బ్యాటరీ వోల్టేజి చూసి పోల్చుకుంటే సరిపోతుంది కదా అని చాలామంది అంటారు. ఏసీ, ఫ్యాను, హెడ్‌లైట్లు అన్నీ వేసి ఐడిల్‌లో నిలబెడితే వోల్టేజి దిగిపోతుంది, అప్పుడు హీటర్ ఊరికే ఆగుతూ వెలుగుతూ ఉంటుంది. టాకో నమ్మకమైన దారి.

వేడి చేసే పద్ధతికి బాష్ పెట్టిన హద్దులు ఉన్నాయి. నీళ్లు ఉండే దశలో హీటర్‌కి 2 వోల్టులు మించకూడదు. గొట్టం ఆరాక 8.5 వోల్టుల లోపు మొదలుపెట్టి, సెకనుకి 0.4 వోల్టుకి మించకుండా పెంచుకుంటూ పోవాలి. పలక తగినంత కాగాక సెల్ రెసిస్టెన్స్ 300 ఓమ్‌ల దగ్గర నిలిచేలా పట్టుకోవాలి. ఇవి గరిష్ఠ హద్దులు. అంత వేగంగా వెళ్లాల్సిన అవసరం నాకు లేదు, నేనేమీ రేసుకి వెళ్లట్లేదు. 7 వోల్టుల్లో మొదలుపెట్టి సెకనుకి 0.3 చొప్పున పెంచేలా రాసుకున్నాను.

ఒక లెక్క ఇక్కడ గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇంటర్నెట్‌లో దొరికే కొన్ని ప్రోగ్రాముల్లో ఇది తప్పుగా ఉంది. హీటర్‌కి మనం పంపేది పల్సులు. వేడి వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి డ్యూటీ (పల్సు ఆన్‌లో ఉండే సమయం శాతం) కూడా వోల్టేజి నిష్పత్తి వర్గమే కావాలి. బ్యాటరీ 13.8 వోల్టులున్నప్పుడు 8.5 వోల్టులంత వేడి కావాలంటే 8.5ని 13.8తో భాగించి వర్గం చేయాలి, అంటే దాదాపు 38 శాతం. వర్గం చేయడం మానేస్తే 62 శాతం వస్తుంది, అప్పుడు హీటర్‌కి చేరేది దాదాపు 10.9 వోల్టులంత వేడి. మొదటి క్షణంలోనే పలకకి దెబ్బ. 2 వోల్టులకైతే డ్యూటీ 2 శాతమే. పల్సుల వేగం కూడా 100 హెర్ట్జ్‌కి తగ్గనివ్వకూడదు, లేకపోతే ఒక్కో పల్సుకీ పలక వేడెక్కుతూ చల్లారుతూ అలసిపోతుంది.

థర్మోకపుల్ వైరు తెగితే? మాక్స్6675 ఆ సంగతి తనే చెబుతుంది. అలా చెప్పినప్పుడు బాక్సు టైమర్ మీదికి మారుతుంది, ఇంజిన్ స్టార్ట్ అయ్యాక మూడు నిమిషాలు ఆగి గాని వేడి చేయదు. ఇంజిన్ ఆగితే హీటర్ వెంటనే ఆఫ్.

డిసెంబరు చలిలో

గొట్టం ఏ వేడికి ఆరుతుందో పుస్తకంలో అంకె చూసి పెట్టేయొచ్చు. కానీ నా బండి గొట్టం, నా ఊరి చలి కదా. హీటర్ 2 వోల్టుల దగ్గరే ఆపేసి, పొద్దున్నే బండి స్టార్ట్ చేసి ల్యాప్‌టాప్‌లో గ్రాఫ్ చూస్తూ కూర్చున్నాను.

గ్రాఫ్ చూసి చాలా సంతోషం వేసింది. గీత 20 దగ్గర మొదలై చకచకా ఎక్కింది. 50 దాటుతూనే ఎక్కడం మానేసి కాసేపు అడ్డంగా సాగింది. ఆ తర్వాత మళ్లీ ఎక్కింది. ఆ అడ్డంగా సాగిన ముక్కే మనకి కావాల్సింది. వచ్చిన వేడంతా గోడకి పట్టిన నీళ్లని ఆవిరి చేయడానికి ఖర్చవుతోంది, అందుకే గొట్టం వేడెక్కట్లేదు. గీత మళ్లీ లేచిందంటే ఆ చోట నీళ్లు అయిపోయినట్టు. బాబాయ్‌ని పిలిచి చూపించాను. "అయితే నీళ్లున్నంతసేపూ కదలదన్నమాట. గంజి పొంగే ముందు చూసుకున్నట్టే ఉందిరా" అన్నాడు. ఆయన ఇప్పుడు నాకంటే ఎక్కువ నమ్ముతున్నాడు.

చలి ఉదయం ఐడిల్‌లో ఆ మెట్టు దాటడానికి రెండు నిమిషాల దాకా పట్టింది. రోడ్డెక్కి నడిపితే అందులో సగం కూడా పట్టదు. మెట్టు దాటాక కొంచెం మార్జిన్ ఉండాలని 70 డిగ్రీలకి సెట్ చేశాను.

దీనికి రెండో వైపు ఉంది. ఇంజిన్ తిరుగుతుండగా సెన్సర్ చల్లగా కూర్చుంటే దానికి మసి పడుతుంది. చలిలో స్టార్ట్ అయ్యేటప్పుడు ఇంజిన్ పెట్రోలు ఎక్కువ తాగుతుంది కాబట్టి ఆ మసి ఇంకా ఎక్కువ. కాబట్టి భయపడి పది నిమిషాలు ఆగడం కూడా తప్పే. హీటర్‌కి కరెంటు ఇవ్వకుండా సెన్సర్‌ని గొట్టంలో వదిలేసి బండి నడపడం అన్నిటికంటే తప్పు. నా లెక్కలో పగులుకి మందు లేదు, కొంచెం మసి అయితే 780 డిగ్రీల దగ్గర కాలిపోతుంది. అందుకే నీళ్ల వైపే ఎక్కువ జాగ్రత్త పడ్డాను. మసి తగ్గించడానికి స్పీడుయినోలో వార్మప్ ఎన్‌రిచ్‌మెంట్ టేబుల్ పట్టుకున్నాను. పాత మ్యాపులో (పెట్రోలు ఎంత పోయాలో చెప్పే పట్టికల్లో) చల్లటి ఇంజిన్‌కి అవసరానికి మించి పెట్రోలు పోస్తున్నారు. కొద్దికొద్దిగా తగ్గిస్తూ వచ్చాను. స్టార్టింగ్‌లో ఇబ్బంది లేదు, ప్లగ్గులు నల్లబడటం ఆగింది.

గంటస్తంభం దాకా వెళ్లి కూరగాయలు తెచ్చుకునే ప్రయాణమే సెన్సర్‌కి ప్రాణాంతకం. గొట్టం పూర్తిగా ఆరకుండానే ఇంజిన్ ఆపేస్తాం, నీళ్లు లోపలే ఉండిపోతాయి, తర్వాతి స్టార్టింగ్‌కి అవి కూడా తోడవుతాయి. అలాంటి రోజుల్లో కూడా గొట్టం 70 డిగ్రీలకి చేరేదాకా బాక్సు హీటర్‌ని లేపదు. అంతదాకా లేపకపోవడమే మంచిది.

సంక్రాంతి తర్వాత: సుంకి ఘాట్

సాలూరు దాటాక సుంకి ఘాట్ మొదలవుతుంది, కొరాపుట్ వైపు వెళ్లే 26వ నంబరు జాతీయ రహదారి. సెన్సర్‌ని పరీక్షించడానికి మా జిల్లా వాళ్లకి ఇంతకంటే మంచి రోడ్డు లేదు. నలుగురం ఎక్కాం, డిక్కీలో సామాను వేశాం.

ఎక్కేటప్పుడు చూడాల్సింది హీటర్ డ్యూటీ. పొగ వేడి పెరిగే కొద్దీ పలకని కాల్చడానికి హీటర్ పని తగ్గుతుంది. డ్యూటీ సున్నాకి పడిపోయిందంటే చోటు మరీ వేడి, పలక 780 దాటిపోతోంది, రీడింగ్ కూడా తప్పుతుంది, సెన్సర్ వయసు కరిగిపోతుంది. సెకండ్ గేర్‌లో ఫుల్ లోడ్ మీద మలుపులు ఎక్కుతుంటే డ్యూటీ బాగా దిగింది గాని సున్నా కాలేదు. 70 సెంటీమీటర్ల లెక్క నిలబడింది. ఇంకా దగ్గర పెట్టి ఉంటే దిమ్మ కింద స్పేసర్ వేయాల్సి వచ్చేది.

దిగేటప్పుడు ఇంకో పరీక్ష. గేర్‌లో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే స్పీడుయినో పెట్రోలు పూర్తిగా ఆపేస్తుంది. అప్పుడు గొట్టంలో పోయేది వట్టి గాలి. సెన్సర్ గాలి రీడింగ్ చూపించాలి. చూపించింది, అదీ గబుక్కున ఎక్కి కదలకుండా నిలిచింది. మసి పట్టిన సెన్సరైతే నెమ్మదిగా ఎక్కుతుంది. చల్లటి గాలి తగలడంతో హీటర్ డ్యూటీ కూడా ఒక్కసారిగా పెరిగింది, కంట్రోల్ దాన్ని పట్టుకోగలిగింది. పలక ఊగిసలాడలేదు.

ఈ గాలి రీడింగ్‌ని ఘాట్ పైన ఒకటి, సాలూరులో ఒకటి తీసుకుని పోల్చొద్దు. గాలి ఒత్తిడి మారితే పంప్ కరెంటు కూడా కొంచెం మారుతుంది. పోల్చాలంటే ఎప్పుడూ ఒకే చోట తీసుకోవాలి. నేను ఇంటి దగ్గర సెన్సర్ విప్పి బయటి గాలిలో తీసుకుంటున్నాను. ఎల్‌ఎస్‌యూ 4.9కి మామూలు గాలిలో పంప్ కరెంటు సుమారు 2.5 మిల్లీ యాంపియర్లు రావాలి. మొదటిరోజు అంకె రాసి పెట్టుకుంటే, అది తగ్గుతూ పోయిన కొద్దీ సందు మూసుకుపోతోందని అర్థం.

మార్చి

విషాల సంగతి. సెన్సర్ పగలకుండా కాపాడుకున్నాక అప్పుడు వీటి మీద శ్రద్ధ పెట్టాలి, ముందు కాదు.

సీసం కలిపిన పెట్రోలు మన దేశంలో 2000లోనే ఆగిపోయింది, ఆ భయం లేదు. మిగిలింది ఆయిల్, సిలికాన్. ఆయిల్ తినే ఇంజిన్‌లో, ఆయిల్‌లో ఉండే జింకు, ఫాస్ఫరస్ బూడిదై సందుకి అడ్డం పడతాయి. నా బండి రాత్రంతా నిలబడి పొద్దున్న స్టార్ట్ చేస్తే ఒక్క గుప్పెడు నీలం పొగ వచ్చేది. బాబాయ్ వాల్వ్ సీల్స్ మార్చాడు, ఆగింది. ఆ పని చేసేటప్పుడు ఆయన అలవాటుగా తెచ్చిన గ్యాస్కెట్ పేస్టు వెనిగర్ వాసన వేసింది. ఆ రకం వద్దని ఆపాను. దాని ఆవిరి క్రాంక్‌కేస్ నుంచి ఇంజిన్‌లోకి, అక్కడి నుంచి పొగలోకి వచ్చి సెన్సర్ మీద ఇసకలాంటి పొర కడుతుంది. ఆ పొర కాలదు, కడిగితే పోదు. ఆక్సిజన్ సెన్సర్‌కి హాని చేయదని ట్యూబు మీద రాసున్నది తెప్పించాం.

బంకులో ఇప్పుడు దొరికేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. దీని సరైన మిశ్రమం (ఒక పాలు పెట్రోలుకి ఎన్ని పాళ్ల గాలి) వట్టి పెట్రోలుకి ఉన్న 14.7 కాదు, దాదాపు 13.5. అంకెలతో కంగారు పడకుండా గేజ్‌ని లాంబ్డాలోకి (ఉన్న మిశ్రమాన్ని సరైన మిశ్రమంతో భాగిస్తే వచ్చే అంకెలోకి) మార్చేశాను. ఏ పెట్రోలైనా లాంబ్డా 1 అంటే 1.

వాటర్ సర్వీసింగ్ షాపులో కింద నుంచి ప్రెషర్ గన్ కొడతారు. బండి చల్లారాక కొట్టమని, కనెక్టర్ వైపు వద్దని చెప్పాలి. చెప్పకపోతే ఎవరూ చూడరు.

ఇప్పుడున్న పరిస్థితి

సెన్సర్ బాగుంది. గాలి రీడింగ్ మొదటిరోజు ఎంతుందో ఇప్పటికీ దాదాపు అంతే. నా సెట్టింగులు కావాలన్నవాళ్లకి: ఇంజిన్ తిరిగేదాకా హీటర్ సున్నా, గొట్టం 70 డిగ్రీలకి చేరేదాకా 2 వోల్టులు, తర్వాత 7 నుంచి సెకనుకి 0.3 చొప్పున, 300 ఓమ్‌లు రాగానే కంట్రోల్.

మ్యాపు ఒకసారి కుదిరిపోయాక రోజూ తిరగడానికి వైడ్‌బ్యాండ్ అక్కర్లేదనుకునేవాళ్లు దాన్ని విప్పేసి, దిమ్మకి మూత బోల్టు బిగించి, సెన్సర్‌ని పెట్టెలో దాచుకోవడం మంచిది. ఎక్కువకాలం ఉంచడానికి అంతకంటే చవకైన ఉపాయం లేదు. నేను విప్పట్లేదు, ఎందుకంటే వానాకాలం లాగ్ కావాలి. రోడ్డు మీద నిలిచిన నీళ్లలోంచి వెళ్తే కాగిన గొట్టం బయటి నుంచి ఒక్కసారిగా చల్లబడుతుంది. అప్పుడు లోపల మళ్లీ చెమట పడుతుందా, పడితే బాక్సు హీటర్‌ని తగ్గించాలా అన్నది చూడాలి. దానికోసం గొట్టం వేడి 60 కంటే కిందికి దిగితే హీటర్‌ని మళ్లీ 2 వోల్టులకి దించే లైను ప్రోగ్రాములో రాశాను. జూన్ వానలకి పరీక్షిస్తాను.